12 వాట్ల ఎల్‌ఈడీ దీపానికి డిమ్మబుల్ డ్రైవర్: నష్టాన్ని ఎప్పుడు, ఎక్కడ భరించాలి?

మా చేతికి వచ్చిన దీపం అప్పటికే తయారీలో ఉన్నదే. 230 వోల్టుల, 50 హెర్ట్‌జ్ సరఫరాపై నడుస్తుంది. లోపల 12 తెల్ల ఎల్‌ఈడీలు ఒకే వరుసలో ఉన్నాయి. ఆ వరుసకు 36 వోల్టుల వద్ద 300 మిల్లీఆంపియర్లు, అంటే 10.8 వాట్లు అందాలి. దీన్ని గోడ స్విచ్ బోర్డులో బిగించే మామూలు ఫేజ్‌కట్ డిమ్మర్‌తో (మెయిన్స్ తరంగంలోని ప్రతి హాఫ్ సైకిల్‌లో కొంత ముక్కను కోసి వెలుగు తగ్గించేది) పనిచేసేలా మార్చాలి, పూర్తి వెలుగులో దక్షత 85 శాతానికి తగ్గకూడదు, వెలుగు ఎక్కడా రెపరెపలాడకూడదు, బోర్డు పాత దీపం మెడలోనే ఇమడాలి. ఇవీ మాకు పెట్టిన షరతులు. దీపం ఒళ్లు అల్యూమినియం, చేతికి తగులుతుంది, కాబట్టి మెయిన్స్‌కూ ఎల్‌ఈడీలకూ మధ్య ఐసొలేషన్ (నేరుగా విద్యుత్ సంబంధం లేకుండా వేరుచేయడం) తప్పదు. ట్రాన్స్‌ఫార్మర్ ద్వారా శక్తిని అందించే ఫ్లైబ్యాక్ సర్క్యూట్‌ను ఎంచుకోవడంలో అందువల్ల పెద్ద చర్చ లేకపోయింది. చర్చ అంతా డిమ్మర్ గురించే నడిచింది.

దక్షత, డిమ్మింగ్ అనే రెండు కోరికలూ ఒకదానికొకటి ఎదురు నిలుస్తాయి. డిమ్మర్ సక్రమంగా పనిచేయాలంటే దీపం కొంత కరెంటును నిరంతరం లాగుతూ ఉండాలి, దక్షత కావాలంటే అక్కరలేని కరెంటు లాగకూడదు. ఈ పేచీని తీర్చడానికి నష్టాన్ని మొత్తంగా తగ్గించాలని చూడటం కంటే, తప్పని నష్టం ప్రతి హాఫ్ సైకిల్‌లో ఏ క్షణంలో, ఎంత వోల్టేజి వద్ద జరగాలో మనమే నిర్ణయించడం మేలని ఈ పనిలో నాకు స్పష్టపడింది. కింది వివరాలన్నీ ఆ నిర్ణయం చుట్టూ తిరిగేవే.

పాత డ్రైవర్ ఎందుకు లొంగలేదు

పాత డ్రైవర్‌లో బ్రిడ్జ్ రెక్టిఫైయర్, దాని వెనుక పెద్ద ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్, ఆపైన స్థిర కరెంటు ఇచ్చే ఫ్లైబ్యాక్ ఉండేవి. ఇలాంటి సర్క్యూట్ మెయిన్స్ వోల్టేజి శిఖరం దగ్గర మాత్రమే కొద్దిసేపు కరెంటు లాగి, మిగతా సమయమంతా ఖాళీగా ఉంటుంది. పైగా కంట్రోలర్ పని ఎల్‌ఈడీ కరెంటును నిలబెట్టడం. డిమ్మర్ తిప్పి సరఫరా తగ్గిస్తే అది దాన్ని వోల్టేజి లోపంగా భావించి మరింత కరెంటు లాగుతుంది. వాడేవారి ఉద్దేశానికి ఇది సరిగ్గా వ్యతిరేకం. కాబట్టి డిమ్మర్ కోణాన్ని (హాఫ్ సైకిల్‌ను 180 డిగ్రీలుగా తీసుకుంటే డిమ్మర్ ఎన్నో డిగ్రీ వద్ద ఆన్ అవుతుందో) కొలిచి, ఎల్‌ఈడీ కరెంటు లక్ష్యాన్నే దాని ప్రకారం తగ్గించే కంట్రోలర్ కావాలి, ముందున్న పెద్ద కెపాసిటర్ తొలగిపోవాలి. ఈ రెండు మార్పులతో డ్రైవర్ సింగిల్ స్టేజ్ పవర్ ఫ్యాక్టర్ కరెక్షన్ (లాగే కరెంటును వోల్టేజి ఆకారానికి దగ్గరగా ఉంచడం) ఉన్న ఫ్లైబ్యాక్‌గా మారింది. డిమ్మర్ లేనప్పుడు అది సైన్ తరంగం ఆకారంలోనే కరెంటు లాగుతుంది, పవర్ ఫ్యాక్టర్ 0.95 పైన నిలుస్తుంది.

డిమ్మర్ వైపు నుంచి చూస్తే కథ వేరుగా ఉంటుంది. ట్రయాక్ అనే సెమీకండక్టర్ స్విచ్‌తో తరంగాన్ని కోసే డిమ్మర్‌ను ఫిలమెంట్ బల్బు కోసం తయారు చేశారు. 60 వాట్ల ఫిలమెంట్ బల్బు దాదాపు 260 మిల్లీఆంపియర్లు లాగుతుంది, మన దీపం లాగేది 55 మాత్రమే. ట్రయాక్ ఒకసారి ఆన్ అయ్యాక దానిగుండా హోల్డింగ్ కరెంటుకు తగ్గకుండా ప్రవహిస్తేనే హాఫ్ సైకిల్ చివరిదాకా ఆన్‌లో ఉంటుంది. ఈ హోల్డింగ్ కరెంటు ట్రయాక్‌ను బట్టి మారుతుంది గాని, పదుల మిల్లీఆంపియర్లలో ఉంటుందని అనుకోవచ్చు. మేము 30 మిల్లీఆంపియర్లను కనీస హద్దుగా పెట్టుకున్నాం. ట్రయాక్ ఆన్ కాకముందు కూడా దీపానికి ఒక బాధ్యత ఉంది. డిమ్మర్‌లోని టైమింగ్ కెపాసిటర్ ఛార్జ్ అయ్యే కరెంటు దీపం గుండానే పోవాలి. దీపం ఆ సమయంలో తెరిచిన సర్క్యూట్‌లా ప్రవర్తిస్తే ఛార్జింగ్ దారి తప్పి, ట్రయాక్ ఆన్ అయ్యే కోణం సైకిల్‌కొక తీరుగా ఊగుతుంది.

ట్రయాక్ ఆన్ అయిన మొదటి 60 మైక్రోసెకన్లు

రెపరెపకు మూలం వెతకడానికి ఓసిలోస్కోప్‌ను హాఫ్ సైకిల్ మొత్తం కనిపించేలా పెట్టడం సరిపోదు. ట్రయాక్ ఆన్ అయిన అంచు దగ్గర టైమ్‌బేస్‌ను డివిజన్‌కు 20 మైక్రోసెకన్లకు తెచ్చి, కరెంట్ ప్రోబ్‌తో దీపం కరెంటును చూడాలి. మొదటి నమూనాలో అక్కడ కనిపించింది ఇది: కరెంటు ఒక్కసారిగా ఆంపియర్లలోకి లేచి, అంతే వేగంగా పడిపోయి సున్నాను తాకుతుంది, ఆ సున్నా దగ్గరే ట్రయాక్ ఆగిపోతుంది. కాసేపటికి డయాక్ (డిమ్మర్‌లో ట్రయాక్‌ను ఆన్ చేసే భాగం) మళ్లీ ట్రిగ్గర్ ఇస్తుంది, మళ్లీ అదే తంతు. ఒక హాఫ్ సైకిల్‌లో ఒకసారి ఆగితే మరో దానిలో రెండుసార్లు ఆగుతుంది. కంటికి రెపరెపగా కనిపించేది ఈ అస్థిరతే.

కారణం లెక్కకు అందుతుంది. డిమ్మర్‌లోనూ దీపం ఫిల్టర్‌లోనూ ఉన్న ఇండక్టర్లు కలిపి సుమారు 1 మిల్లీహెన్రీ, దీపం ఫిల్టర్ కెపాసిటర్ 100 నానోఫారడ్లు. ఈ జంట 16 కిలోహెర్ట్‌జ్ దగ్గర మోగుతుంది, అంటే కరెంటు ముందుకూ వెనక్కూ ఊగుతుంది; దాని లక్షణ నిరోధం (ఆ ఊపులో వోల్టేజికీ కరెంటుకూ ఉండే నిష్పత్తి) 100 ఓమ్‌లు. 90 డిగ్రీల వద్ద ట్రయాక్ ఆన్ అయితే 325 వోల్టులు ఒక్కసారిగా మీద పడతాయి, డ్యాంపింగ్ లేకపోతే శిఖర కరెంటు 3 ఆంపియర్లు దాటుతుంది, 31 మైక్రోసెకన్లకే కరెంటు సున్నాకు వస్తుంది.

వరుసలో ఒక రెసిస్టర్ (డ్యాంపర్) పెట్టి ఈ మోతను అణచాలి. ఆ రెసిస్టర్ విలువను పెంచుకుంటూ పోయే ముందు ఒక భౌతిక సత్యం గుర్తుంచుకోవాలి: ఖాళీ కెపాసిటర్‌ను రెసిస్టర్ ద్వారా ఛార్జ్ చేస్తే పోయే శక్తి రెసిస్టర్ విలువపై ఆధారపడదు, అది కెపాసిటెన్స్‌లో సగాన్ని వోల్టేజి వర్గంతో గుణించినంత ఉంటుంది. 100 నానోఫారడ్లకు 325 వోల్టుల వద్ద ఇది 5.3 మిల్లీజౌళ్లు. సెకనుకు 100 సార్లు జరుగుతుంది కాబట్టి అర వాటుకు పైగా వేడి. దీన్ని తగ్గించే దారి ఒక్కటే, కెపాసిటర్‌ను చిన్నది చేయడం. మేము 47 నానోఫారడ్లకు దిగాం, నష్టం 0.25 వాట్లకు వచ్చింది. చిన్న కెపాసిటర్ వల్ల పెరిగిన రేడియో జోక్యాన్ని ఫిల్టర్‌ను రెండు మెట్లుగా విడగొట్టి, స్విచింగ్ పౌనఃపున్యాన్ని కొద్దిగా అటూ ఇటూ కదిలించి సర్దుకున్నాం.

47 నానోఫారడ్లతో లక్షణ నిరోధం 146 ఓమ్‌లు, మోత పూర్తిగా అణగడానికి దానికి రెట్టింపు, అంటే 290 ఓమ్‌ల దాకా కావాలి. 270 ఓమ్‌లు పెట్టాక శిఖర కరెంటు 0.9 ఆంపియర్‌కు లోపే ఆగింది, కరెంటు సున్నా దిగువకు జారడం దాదాపు మాయమైంది. అయితే ఈ రెసిస్టర్‌ను శాశ్వతంగా దారిలో ఉంచితే పూర్తి వెలుగులో 55 మిల్లీఆంపియర్లకు 0.8 వాట్లు తినేస్తుంది, మొత్తం నష్టాల బడ్జెట్‌లో ఇది దాదాపు సగం. దాని అవసరం నిజానికి మొదటి కొన్ని పదుల మైక్రోసెకన్లకే. అందుకని దానికి సమాంతరంగా ఒక మాస్‌ఫెట్ (ట్రాన్సిస్టర్ స్విచ్) పెట్టి, అంచు వచ్చిన 200 మైక్రోసెకన్ల తరువాత రెసిస్టర్‌ను షార్ట్ చేశాం. డిమ్మర్ లేని సరఫరాలో హాఫ్ సైకిల్ మొదటి 200 మైక్రోసెకన్లలో కరెంటే దాదాపు ఉండదు కాబట్టి అక్కడ నష్టమూ ఉండదు. నష్టానికి సమయం కేటాయించడమంటే ఏమిటో ఈ చిన్న భాగంలోనే తెలుస్తుంది.

ఇక్కడ కొత్తగా ఈ పనిలోకి వచ్చేవారికి ఒక హెచ్చరిక. డ్యాంపర్ రెసిస్టర్ అత్యధికంగా వేడెక్కేది పూర్తి వెలుగులో కాదు, నాబ్ మధ్యలో, 90 డిగ్రీల దగ్గర. పూర్తి వెలుగులో మాత్రమే ఉష్ణోగ్రత పరీక్ష చేసి సరే అనుకుంటే అసలు ప్రమాదాన్ని చూడనట్టే.

బ్లీడర్: 6.2 వాట్ల నుంచి దాదాపు సున్నాకు

హోల్డింగ్ కరెంటు కోసం అందరూ ముందు ఆలోచించేది బ్లీడర్, అంటే దీపంతో సమాంతరంగా అదనపు కరెంటు లాగే సర్క్యూట్. నిరంతరం 30 మిల్లీఆంపియర్లు లాగే బ్లీడర్ పెడితే ఎంత పోతుందో చూద్దాం. 230 వోల్టుల సైన్ తరంగం రెక్టిఫై అయ్యాక సగటు 207 వోల్టులు, దాన్ని 30 మిల్లీఆంపియర్లతో గుణిస్తే 6.2 వాట్లు. 12 వాట్ల దీపంలో ఇది ఆలోచించదగ్గ మాట కూడా కాదు. రెసిస్టర్, కెపాసిటర్ వరుసగా పెట్టే సాదా బ్లీడర్ చవకైనదే గాని, 220 నానోఫారడ్ల కెపాసిటర్ ఉంటే 90 డిగ్రీల అంచు వద్ద పైన చెప్పిన సూత్రం ప్రకారమే 1.2 వాట్ల దాకా వేడి చేస్తుంది. డిమ్మర్ లేనప్పుడు పవర్ ఫ్యాక్టర్‌నూ చెడగొడుతుంది.

రెండో మెట్టు, లోటును మాత్రమే పూడ్చే యాక్టివ్ బ్లీడర్. డ్రైవర్ లాగే కరెంటును ఒక సెన్స్ రెసిస్టర్ మీద చూసి, అది 30 మిల్లీఆంపియర్లకు తగ్గిన మేరకే మాస్‌ఫెట్ ద్వారా అదనంగా లాగుతుంది. పూర్తి వెలుగులో డ్రైవర్ శిఖర కరెంటు 78 మిల్లీఆంపియర్లు. అది 30కి తగ్గేది సున్నా దాటే చోటుకు ఇరువైపులా 23 డిగ్రీల లోపే, అక్కడ వోల్టేజి కూడా 125కు దిగువే. ఆ చిన్న ముక్కలో పూడ్చే శక్తి మొత్తం 0.16 వాట్లు. అదే 30 మిల్లీఆంపియర్ల హామీ, ఖర్చు మాత్రం నలభయ్యో వంతు.

ఇంతటితో ఆగవచ్చు, చాలా డిజైన్లు ఆగుతాయి కూడా. కాని వెలుగు తగ్గించినప్పుడు డ్రైవర్ కరెంటు పడిపోయి బ్లీడర్ భారం పెరుగుతుంది, అదీ ఎక్కువ వోల్టేజి ఉన్న చోట. అక్కడ మాకు ఉపయోగపడిన ఆలోచన ఇది: డిమ్మర్ ఉన్నప్పుడు తరంగాన్ని డిమ్మరే కోసేసింది, ఇక కరెంటు సైన్ ఆకారంలో ఉండాలన్న పట్టుదల దేనికి? డిమ్మర్‌ను గుర్తించిన వెంటనే కంట్రోలర్ ఫ్లైబ్యాక్ ఇన్‌పుట్ కరెంటును చదునుగా మారుస్తుంది. ట్రయాక్ ఆన్ అయిన క్షణం నుంచి వోల్టేజి 40కి దిగేదాకా ఒకే కరెంటు. హోల్డింగ్ కరెంటు ఆ విధంగా వేడిగా పోకుండా ఎల్‌ఈడీలకే చేరుతుంది.

90 డిగ్రీల వద్ద చదునైన 30 మిల్లీఆంపియర్లు అంటే 3.1 వాట్లు. ఆ స్థానంలో మా డ్రైవర్‌కు కావలసింది దాదాపు 5 వాట్లు, అంటే 50 మిల్లీఆంపియర్ల చదునైన కరెంటు. కాబట్టి బ్లీడర్ నిద్రపోవచ్చు. 135 డిగ్రీలకు వెళ్తే 30 మిల్లీఆంపియర్లు 0.9 వాట్లకు సమానం, డ్రైవర్‌కు కావలసింది 0.7, తేడా మాత్రమే బ్లీడర్‌కు వదిలాం. చివరి 40 వోల్టుల కింద ఫ్లైబ్యాక్ ఆ కరెంటును లాగలేదు, అక్కడా బ్లీడరే నిలబడుతుంది. కాని అంత తక్కువ వోల్టేజి వద్ద, 7 డిగ్రీల పాటు పోయేది వాటులో నలభయ్యో వంతు. ట్రయాక్ ఆన్ కాకముందు టైమింగ్ కెపాసిటర్‌కు దారి ఇచ్చే పని కూడా ఇలాంటిదే. అప్పుడు వోల్టేజి అంతా డిమ్మర్ మీద ఉంటుంది, దీపం మీద కొద్దిగానే ఉంటుంది, కాబట్టి బ్లీడర్ మాస్‌ఫెట్‌ను ఆన్‌లో ఉంచినా ఖర్చు లేదు. పైగా ఆ కరెంటును ముందు కంట్రోలర్ సరఫరా కెపాసిటర్‌లోకి పంపి, అది నిండాకే సర్క్యూట్ గ్రౌండ్‌కు వదిలాం. బాగా తగ్గించిన వెలుగులో కంట్రోలర్ ఆకలితో ఆగి మళ్లీ మొదలయ్యే జబ్బు దీనితో పోయింది.

ట్రెయిలింగ్ ఎడ్జ్ డిమ్మర్ల సంగతి వేరు. అవి హాఫ్ సైకిల్ మధ్యలో ఆఫ్ అవుతాయి, ఆఫ్ అయ్యాక దీపం కెపాసిటర్ మీద మిగిలిన వోల్టేజిని ఎవరో ఒకరు దించాలి, లేకపోతే డిమ్మర్ తన సున్నాను గుర్తించలేదు. 47 నానోఫారడ్లను 325 వోల్టుల నుంచి 30 మిల్లీఆంపియర్లతో ఖాళీ చేయడానికి అర మిల్లీసెకను చాలు, డిమ్మర్ లోపలి కెపాసిటర్ కూడా కలిస్తే మరికొంత పడుతుంది. చదునైన కరెంటు ఈ పనినీ చేసిపెట్టింది, కెపాసిటర్‌లో ఉన్న శక్తి కూడా ఎల్‌ఈడీలకే పోయింది. అంచు మొదట్లో ఉందా చివర ఉందా అన్నది కంట్రోలర్ వోల్టేజి మారే వేగాన్ని బట్టి తేల్చుకుంటుంది. ట్రెయిలింగ్ ఎడ్జ్ అని తేలితే డ్యాంపర్ రెసిస్టర్‌ను మొదటి నుంచే షార్ట్‌లో ఉంచుతాం.

100 హెర్ట్‌జ్ మినుకు

సింగిల్ స్టేజ్ డ్రైవర్ ఎంచుకున్నందుకు కట్టవలసిన మూల్యం ఔట్‌పుట్‌లోని 100 హెర్ట్‌జ్ అల. మేము పెట్టగలిగిన అతి పెద్ద ఔట్‌పుట్ కెపాసిటర్ 470 మైక్రోఫారడ్లు. ఎల్‌ఈడీ వరుస డైనమిక్ రెసిస్టెన్స్ (కరెంటు కొద్దిగా మారితే వోల్టేజి ఎంత మారుతుందో తెలిపే విలువ) సుమారు 8 ఓమ్‌లు. ఈ రెంటితో లెక్కిస్తే వెలుగులో 39 శాతం ఊగిసలాట మిగులుతుంది. ఎల్‌ఈడీ మినుకు గురించిన ఐట్రిపుల్ఈ 1789-2015 సిఫారసు ప్రకారం 100 హెర్ట్‌జ్ వద్ద తక్కువ ప్రమాద హద్దు 8 శాతం, ప్రభావమే కనిపించని హద్దు 3.33 శాతం. కెపాసిటర్‌తోనే 8కి దిగాలంటే దాదాపు 2500 మైక్రోఫారడ్లు కావాలి, దీపం మెడలో అంత చోటు లేదు.

రెండో స్టేజ్‌గా బక్ కన్వర్టర్ (వోల్టేజి తగ్గించే స్విచింగ్ సర్క్యూట్) పెట్టడం శాస్త్రీయంగా శుభ్రమైన దారి. కాని చోటు, దాని స్వంత నష్టం చూశాక మేము ఎల్‌ఈడీలతో వరుసగా ఒక మాస్‌ఫెట్ పెట్టి, దాని గేటును నెమ్మదిగా కదిలే సగటు వోల్టేజితో నడిపే అల నిరోధకాన్ని ఎంచుకున్నాం. అలంతా ఆ మాస్‌ఫెట్ మీదే పడుతుంది. 470 మైక్రోఫారడ్ల మీద అల ఎత్తు సగటుకు ఇరువైపులా ఒక వోల్టు, అల అడుగున మిగలాల్సిన కొద్దిపాటి వోల్టేజితో కలిపి సగటున 1.3 వోల్టులు. 300 మిల్లీఆంపియర్లకు ఇది 0.39 వాట్లు. ఇది తప్పని నష్టమే, కాని వెలుగు తగ్గిస్తే కరెంటుతో పాటు అల ఎత్తూ, దానితో పాటు నష్టమూ తగ్గుతాయి. ఫోటోడయోడ్‌తో కొలిచిన ఊగిసలాట 3 శాతం లోపే నిలిచింది.

మరొక మినుకు దీనికంటే మోసకారి. చాలా డిమ్మర్లలో పాజిటివ్, నెగెటివ్ హాఫ్ సైకిళ్ల కోణాలు సరిగ్గా సమానంగా ఉండవు. ప్రతి హాఫ్ సైకిల్ కోణాన్ని విడిగా కొలిచి కరెంటును మారిస్తే వెలుగు 50 హెర్ట్‌జ్‌తో ఊగుతుంది. 90 హెర్ట్‌జ్ కంటే తక్కువ పౌనఃపున్యాలకు అదే పత్రం హద్దు ఇంకా కఠినం, 50 వద్ద 1.25 శాతమే. అందుకని కోణాన్ని ఎప్పుడూ జతలుగా, అంటే పూర్తి సైకిల్ సగటుగానే తీసుకున్నాం, ఆపైన నెమ్మదైన ఫిల్టర్ పెట్టాం. నాబ్ తిప్పినప్పుడు వెలుగు కాస్త మెత్తగా కదలడం దాని పర్యవసానం. వాడేవారికి అది నచ్చింది కూడా.

డిమ్మింగ్ రేఖ గురించి క్లుప్తంగా. కంటికి తోచే వెలుగు కొలిచిన వెలుగుకు దాదాపు వర్గమూలంలా ఉంటుంది, కొలతలో 10 శాతం ఉన్నది కంటికి 32 శాతంలా తోస్తుంది. కాబట్టి కింది కొసలో రేఖ మెల్లగా సాగాలి. ట్రయాక్ డిమ్మర్ నాబ్ చివరిదాకా తిప్పినా పూర్తి 180 డిగ్రీలు ఇవ్వదు గనుక, 135 డిగ్రీల వహనం (ట్రయాక్ ఆన్‌లో ఉండే వ్యవధి) దాటగానే పూర్తి కరెంటు ఇచ్చాం. 90 వద్ద 40 శాతం, 45 వద్ద, అంటే ట్రయాక్ 135 డిగ్రీల వద్ద ఆన్ అయినప్పుడు, 5 శాతం. అంతకు దిగువన డయాక్ ట్రిగ్గర్ నమ్మదగినది కాదు, అక్కడ దీపాన్ని శుభ్రంగా ఆర్పేయడమే సరైనదని తీర్మానించాం.

కొలతలు, మిగిలిన హద్దులు

డిమ్మర్ లేకుండా ఇన్‌పుట్ 12.5 వాట్లు, దక్షత 86 శాతం. నష్టాల్లో పెద్దది అల నిరోధకం, తరువాత ట్రాన్స్‌ఫార్మర్, మాస్‌ఫెట్, ఔట్‌పుట్ డయోడ్, స్నబ్బర్ (స్విచింగ్ వల్ల లేచే వోల్టేజిని అణచే భాగం) ఆ వరుసలో వచ్చాయి. 90 డిగ్రీల వద్ద ఎల్‌ఈడీలకు 4.1 వాట్లు చేరితే దీపం 5.4 వాట్లు తీసుకుంది, అంటే 76 శాతం. ట్రయాక్ 135 డిగ్రీల వద్ద ఆన్ అయినప్పుడు ఎల్‌ఈడీలకు అర వాటు, ఇన్‌పుట్ ఒక వాటు. సగమే దక్షత అని విని కొందరు పెదవి విరిచారు గాని, అక్కడ పోయేది అర వాటు మాత్రమే. శాతాలను చూసి కింది కొసలో మరో సర్క్యూట్ చేర్చి ఉంటే ఖర్చు, వైఫల్యాల అవకాశం పెరగడమే తప్ప కరెంటు బిల్లులో తేడా ఉండేది కాదని నా అభిప్రాయం.

దక్షత వల్ల నిజంగా లాభపడేది ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు తగ్గిన ప్రతిసారీ దాని ఆయుష్షు దాదాపు రెట్టింపవుతుంది. 105 డిగ్రీల వద్ద 8000 గంటలని రాసిన కెపాసిటర్ 85 వద్ద 32000 గంటలు నడుస్తుందని అంచనా వేయవచ్చు. అందుకే డ్యాంపర్ రెసిస్టర్‌ను బోర్డు రెండో కొసకు, దీపం మూతి వైపుకు నెట్టాం.

ట్రయాక్ అంచు వల్ల వచ్చే సన్నని రొద చివరిదాకా వేధించింది. సిరామిక్ ఫిల్టర్ కెపాసిటర్ స్థానంలో ఫిల్మ్ కెపాసిటర్ పెట్టి, ఫిల్టర్ ఇండక్టర్‌కు వార్నిష్ పట్టించాక దీపం నుంచి రొద వినిపించలేదు. డిమ్మర్ లోపలి చోక్ నుంచి వచ్చేదాన్ని దీపం నుంచి ఆపలేం.

ఒకే డిమ్మర్‌కు ఎన్ని దీపాలు పెట్టవచ్చన్న ప్రశ్నకు వాట్ల లెక్క పనికిరాదు. 600 వాట్లని రాసిన డిమ్మర్‌కు 12 వాట్ల దీపాలు 50 పెట్టవచ్చని అనిపిస్తుంది. కాని 600 వాట్ల ఫిలమెంట్ భారం శిఖర కరెంటు 3.7 ఆంపియర్లు, మా దీపాలు నాలుగు కలిస్తేనే అంచు వద్ద దాదాపు అంత లాగుతాయి. కొద్ది మైక్రోసెకన్ల పాటే అయినా అది సెకనుకు 100 సార్లు పునరావృతమవుతుంది. ట్రయాక్ ఇలాంటి క్షణిక భారాన్ని కొంత ఓర్చుకుంటుంది గనుక, 600 వాట్ల డిమ్మర్‌కు గరిష్ఠంగా 10 దీపాలని డేటాషీట్‌లో వాట్లతో కాకుండా సంఖ్యతోనే రాశాం. కనీస భారం గడిలో ఒక్క దీపం చాలని రాయగలిగాం.